ముప్పైమూడున్నర

ఎవరు గెలుస్తరని కాదు ప్రశ్న.
ఎంతసేపు ఆడుతరని.
ముప్పైమూడున్నర నిమిషాలు దాటుతదా, దాటదా.
'దాటుతది' నలభైఒక్క రూపాయి,
'దాటదు' యాభైతొమ్మిది.
రెండూ కలిపితే ఎప్పుడూ వంద.
ఆఖరుకు ఎటు తేలితే అటు వంద,
రెండోది ఉత్త కాయితం.

ఏనుమాముల యార్డుల రాత్రి రెండయింది.
కాంటా పక్కన ప్లాస్టిక్ కుర్చీ,
మోకాలి మీద ఫోను.
ఈ రాష్ట్రంల ఇసొంటి పందెం నడవదని
ఫోన్ల మాత్రం నేను ఇంకో దేశంల ఉన్న.
తుమ్ము ఇక్కడిదే.
పదకొండేండ్ల గుమస్తాగిరి,
మిరప ఘాటు ఇంకా ముక్కుకు అలవాటు కాలే.

అక్కడ, ఏ మంచుదేశమో,
గాజుగదిల అయిదుగురు, ఎదురుగదిల అయిదుగురు,
మీసాలు సరిగ రాని పిల్లలు
ఒకరి కోట మీదికి ఒకరు.
వాళ్ల పేర్లు నాకు నోరు తిరగవు.
అలవాట్లు తెలుసు:
ఎర్రజట్టు జల్ది ముగిస్తది,
నీలిజట్టు నానబెడుతది.
పోయిన ఇరవై ఆటల నిమిషాలు
పాత తక్‌పట్టీల వెనక రాసుకున్న.
నీలోళ్లను నమ్మి 'దాటుతది' యాభై కొన్న.
రెండువేల యాభై.

బస్తాల నడుమ నుంచి ఒకామె లేచింది.
గేటు చీటీ మీద గూడెపు సరోజన, శాయంపేట దిక్కు,
ఇరవైరెండు బస్తాలు, తేజ రకం.
నిన్న ఆమె వంతు రాకముందే పాట బందయింది.
"ఎవలు గెలుస్తుండ్రు తమ్మీ?"
గెలుపు కాదక్కా, ఆట ఎంతసేపైతదో, దాని మీద.
కొంగు మూతికి అడ్డం పెట్టుకొని నవ్వింది, నవ్వు దగ్గయింది.
"ఆట పొడుగు గూడ కొంటరా?
మరి నా కాంటా ఎప్పుడైతదో
ఎవడన్న కొంటడా, అగ్గువకిస్త."

వేల మైళ్ల అవతలి ఆట ఎన్ని నిమిషాలో
నూటికి ఇంతని చెప్పగల్గుత.
పదడుగుల దూరంల ఉన్న బస్తాల సంగతి
అడ్తిదారుకే ఎరుక.

మా తాత బీటుబజార్ల
తువ్వాల కింద చేతులు కలిపి బేరం చేసేటోడు.
వేలికొక ధర, పిడికిలికొక ధర,
పైకి మాత్రం వానల ముచ్చట.
ఇప్పుడు తువ్వాల లేదు.
అద్దం మీద ఒక్క బొటనవేలు,
అటుపక్క ఎవని చెయ్యో తెల్వదు.

ఇరవైతొమ్మిదో నిమిషం. ఎర్రజట్టు ఆఖరి బురుజు ముందట.
నా నలభైఒక్కటి ఇరవైరెండయింది, పదహారు,
తొమ్మిది.
అప్పుడు ఆట ఆగింది.
ఎవరికో చెవుల పెట్టుకున్నది పనిచేస్తలేదట.
తెర మీద గడియారం నిలబడ్డది.
నిబంధన నాకు నోటికొచ్చు:
ఆగిన కాలం లెక్కకు రాదు.

ఆమెకు చెప్పిన.
"అట్లయితే నిన్నటిసంది నేను లెక్కల లేనట్టే" అన్నది.
అని, తెర దిక్కు వంగింది.
"గోర్లు కొరుకుతుండు, ఈడెవడు?"
ఓడేటోడు.
"దాటుతది పో.
గెలిచేటోనికి ఇంటికి పొయ్యే తొందర.
ఓడేటోడు ఊకె లెవ్వడు తమ్మీ,
అడుగున ఇంకొక్క బస్తా ఉన్నట్టే అనిపిస్తది."

నేను వినలే.
తొమ్మిదికే అమ్మేసిన.
కొన్నదెవడో,
ఆ చీకట్ల ఆమె మాట ఎవని చెవుల పడ్డదో.

ఆట నలభైఎనిమిది నిమిషాలు నడిచింది.
నీలిజట్టు ఓడనే ఓడింది,
అది పందెంల లేని సంగతి.

పొద్దున జెండాపాట ఒకటి పలికింది,
ఈమె బస్తాలకు ఇంకొకటి.
గుప్పెడు తీసి, తొడిమ తుంచి, తాలు కలిసిందన్నరు.
సరోజన మారు మాట్లాడకుండ
సంచి మూతి మల్ల కుట్టుకున్నది. దబ్బనం నేనే ఇచ్చిన.
కోల్డు స్టోరేజీకేనా అంటే
"సూద్దాం" అన్నది.
ఎన్నొద్దులని అడగబోయి ఆగిన.

ఫోన్ల కొత్త ప్రశ్న వచ్చింది: ముప్పైఒకటిన్నర.
కండ్లు మండినయి.
చెయ్యి కడుక్కోకుండ తుడుసుకున్న, అంతే.